మూత తెరిచాక

అమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో రోజు రెండేసి గంటల ముక్కలైపోయింది. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయని ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ గట్టిగా చెప్పింది. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్‌లో పాలు, జావ, నీళ్ళు పోయడం కూడా అదే లెక్కన. మధ్యలో ఫిజియోథెరపీ ఆయన వస్తాడు, మందుల షాపు కుర్రాడు వస్తాడు, చూడ్డానికి చుట్టాలొస్తారు. వీటన్నిటి సందుల్లో నా పని చేసుకోవాలి. నాది అనువాదం పని. ఫ్యాక్టరీల భద్రత మాన్యువళ్ళు, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి పంపుతాను. పదానికింత అని ఇస్తారు. ఆలస్యమైతే కోస్తారు.

అంతకుముందు ముందుగదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చార్జరు గుచ్చి ఉంచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేదాన్ని. అమ్మ మంచాన పడ్డాక ఆ బల్ల బట్టలు మడత పెట్టుకోవడానికే పనికొచ్చింది. ల్యాప్‌టాప్ నాతోపాటు తిరగడం మొదలుపెట్టింది. కాసేపు అమ్మ మంచం పక్కన స్టూలు మీద, కాసేపు వంటింటి గట్టు మీద, రాత్రిళ్ళు నా పరుపు మీద. అమ్మ మూలిగితే మూత వేసి లేచేదాన్ని, వచ్చి మూత తెరిచేదాన్ని. షట్‌డౌన్ చేస్తే కుదరదు. తెరిచి ఉన్న పీడీఎఫ్, నిఘంటువు, పదకోశం, పని ఫైలు అన్నీ మళ్ళీ తెరుచుకోవాలి, ఏ వాక్యం దగ్గర ఆగానో వెతుక్కోవాలి. దొరికేదే గంట, అందులో పావుగంట దానికే పోతే ఇక ఏం మిగులుతుంది? మూత వేస్తే నిద్రపోయి తెరిస్తే లేచే ఈ సస్పెండ్ సరిగ్గా పనిచేస్తేనే నాకు నాలుగు డబ్బులు.

ముందు వచ్చినవి చిన్న చికాకులే. మూత తెరిస్తే వైఫై గుర్తు మాయమయ్యేది. ఫోన్లో నెట్ వస్తూనే ఉండేది, ల్యాప్‌టాప్ మాత్రం తనకు వైఫై కార్డే లేదన్నట్టు ఉండేది. ఇంకోసారి టచ్‌ప్యాడ్ చచ్చిపోయేది. రీస్టార్ట్ చేస్తే రెండూ బాగుపడేవి. మా చిన్నాన్నగారబ్బాయి హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు, నాకు లైనక్స్ అలవాటు చేసింది వాడే. ఫోన్ చేస్తే, "రీస్టార్ట్ అక్కర్లేదక్కా. ఆ డ్రైవర్ని దించేసి మళ్ళీ ఎక్కించు, చాలు" అని రెండు కమాండ్లు వాట్సాప్‌లో పెట్టాడు. పనిచేశాయి. తర్వాత అదంతా దానంతటదే జరిగేలా చిన్న స్క్రిప్టు రాసి, సిస్టమ్‌డీ స్లీప్ ఫోల్డర్లో నా చేతే పెట్టించాడు. నిద్రకు ముందు 'ప్రీ' అని ఒకసారి, లేచాక 'పోస్ట్' అని ఒకసారి ఆ ఫోల్డర్లో ఉన్న స్క్రిప్టులన్నిటినీ సిస్టమ్ పిలుస్తుంది. మూత వేస్తే వైఫై డ్రైవర్ దిగిపోతుంది, తెరిస్తే ఎక్కుతుంది. టచ్‌ప్యాడ్ సంగతి తేలలేదు, ఒక మౌస్ కొనుక్కున్నాను.

మూత వేసినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఆ రోజుల్లోనే వాడు నాకు కొంత చెప్పాడు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. యంత్రం ఎంత లోతుగా నిద్రపోవాలో అందులో మెట్లున్నాయి. ఎస్0 అంటే మెలకువ. ఎస్3లో ర్యామ్‌కు తప్ప దాదాపు దేనికీ కరెంటు ఉండదు. ఎస్4లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి ఆరిపోతుంది. ఎస్5 అంటే మనం షట్‌డౌన్ అనేది. అయితే 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఇంకో పద్ధతి మొదలైంది. యంత్రం ఫోన్ మాదిరిగా పైకి నిద్రపోతుంది, లెక్కకు మాత్రం ఎస్0లోనే ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా కునుకు తీస్తుంటే ఒక్కొక్క భాగాన్నీ విడివిడిగా తక్కువ కరెంటు స్థితిలోకి దించుతారు. ఈ మధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అసలు ఉండటం లేదు. నాదీ ఆ కోవలోదే. నిద్ర రకాలు ఏమేం ఉన్నాయో చూపించే ఫైలు ఒకటుంది, అది తెరిస్తే ఒక్క పేరే కనిపించింది.

నేను పట్టించుకోని విషయం ఏమిటంటే, లేవడం అనేది ఒక్క పని కాదు. పెళ్ళివారి విడిదిలో తెల్లారినట్టు ఉంటుంది లోపల. ఒకరు లేస్తూనే కాఫీ అడుగుతారు, ఒకరికి చెప్పులు కనిపించవు, ఒకరు ఎంత పిలిచినా లేవరు. తెర, కీబోర్డు, వైఫై, యూఎస్‌బీ, డిస్క్, ఇలా ప్రతిదానికీ ఒక డ్రైవర్ ఉంటుంది, ప్రతి డ్రైవరూ తన భాగాన్ని తట్టి లేపి, "నిద్రకు ముందు నువ్వు ఇలా ఉన్నావు" అని గుర్తుచేసి పనిలో పెట్టాలి. తెర వెలిగిందంటే తెర లేచిందనే అర్థం. మిగతావాళ్ళ సంగతి దాన్నిబట్టి చెప్పలేం.

అసలు దెబ్బ ఒక రాత్రి తగిలింది. రసాయనాల నిల్వ మీద పెద్ద మాన్యువల్ అది, పొద్దున్నే పంపాలి. పదకొండు దాటాక అమ్మకు ట్యూబ్‌లో పాలు పోసి, పక్కకు తిప్పి, వచ్చి మూత తెరిచాను. పాస్‌వర్డ్ తీసుకుంది. ఫైలు ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. నాలుగు పేరాలు చేసి సేవ్ నొక్కాను. రాయడం కుదరలేదని ఒక డబ్బా వచ్చింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. ఇంకో పేరుతో పెడదామని మెనూ తెరిస్తే ఫోల్డర్లన్నీ ఖాళీ. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్ అని కొడితే 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్' అంది. ఆ కమాండ్ డిస్క్ మీద ఉంటుంది, డిస్క్ లేదు, ఇక కమాండ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? పెన్‌డ్రైవ్ పెడితే దాని లైటు వెలిగింది గాని తెరుచుకోలేదు. మెయిల్లో అతికించి పంపుదామంటే వైఫై లేదు. మూత వేసినప్పుడు డ్రైవర్ని దించిన స్క్రిప్టు, తెరిచాక దాన్ని ఎక్కించడానికి డిస్క్ దగ్గరకే వెళ్ళాలి.

సాయంత్రం నుంచి చేసిందంతా కళ్ళ ముందు ఉంది. దాన్ని ఆ తెర మీంచి బయటికి తీసే దారి లేదు. సాయంత్రం అమ్మకు జ్వరం వచ్చి హడావిడిగా ఉంటే మధ్యలో సేవ్ చేయడం పడలేదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేసే సేవ్ ఉంటుందిగా అంటారు, అదీ ఆ డిస్క్ మీదకే.

తమ్ముడికి ఫోన్ చేశాను. నిద్రలోంచి లేచి విని, "పవర్ బటన్ ముట్టుకోకు. ర్యామ్‌లో ఉన్నంతసేపే అది ఉంటుంది. ఫోన్ తీసి తెర మీద ఉన్నదంతా ఫోటోలు తీసుకో" అన్నాడు. ట్యూబ్‌లైటు వెలుగు తెర మీద పడకుండా లైటు ఆపేసి, ఒక్కో పేజీ కిందికి జరుపుతూ ఫోటోలు తీశాను. ప్రతి ఫోటో పెద్దది చేసి, ఒత్తులూ వట్రుసుడులూ తెలుస్తున్నాయో లేదో చూసుకున్నాను. బ్యాటరీ తగ్గుతోందని హెచ్చరిక వస్తే చార్జరు గుచ్చాను. అమ్మ గదిలోంచి దగ్గు వినపడింది, వెళ్ళి ఫౌలర్ మంచం తల ఎత్తి వచ్చాను. తర్వాత పవర్ బటన్ అదిమి పట్టుకుని ఆపేశాను. ఆన్ చేస్తే బూట్ చేయడానికి డిస్క్ ఏదీ లేదంది. అప్పుడు నిజంగా కాళ్ళు చల్లబడ్డాయి. పూర్తిగా ఆపి, చార్జరు కూడా తీసి, కొంతసేపు అలా వదిలేసి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు వచ్చింది. ఫోన్ని గ్లాసుకు ఆనించి పెట్టుకుని, ఆ ఫోటోలు చూస్తూ తెల్లవార్లూ మళ్ళీ టైపు చేశాను. పొద్దున్న పంపాల్సింది మధ్యాహ్నం పంపాను. కోత పడింది.

ఒక్కసారితో అయిపోయి ఉంటే దాన్ని మరిచిపోయేదాన్నే. తర్వాత వారంలో మళ్ళీ వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ. ఒక్కోసారి తెర వచ్చి ఇలా మొరాయించేది, ఒక్కోసారి నల్లటి తెర తప్ప ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్ళు ఏ గొడవా లేకుండా గడిచేది. ఆ కొన్నాళ్ళే అసలు చిత్రహింస. మూత వేసే ముందు చెయ్యి ఆగిపోయేది. సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అప్పుడు మూత వేసేదాన్ని. అవతల అమ్మకు పొలమారుతుంటే ఇవతల నేను ఫైలు కాపీ అవుతున్న గీత నిండేదాకా నిలబడి చూసిన సందర్భాలున్నాయి. అది ఎవరికీ చెప్పలేదు. మూత వేయకుండా వదిలేసి వెళ్తే బ్యాటరీ అయిపోయి అదే ఆరిపోయేది.

పక్కింటి పిన్నిగారిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి, సినిమా రోడ్డు వైపు ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. ఆయన మంచివాడే. వెనక మూత విప్పి, ర్యామ్ తీసి, దాని కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బ్రష్‌తో దుమ్ము దులిపి పెట్టాడు. "సముద్రం గాలి కదమ్మా, కాకినాడలో అన్నీ తుప్పే" అన్నాడు. సస్పెండ్ చేసి, లేపి చూపించాడు. లేచింది. మళ్ళీ చేశాడు, లేచింది. ఇంటికొచ్చిన మూడో రోజున మళ్ళీ పోయింది. ఈసారి ర్యామే మార్చాలన్నాడు, మార్పించుకున్నాను. షాపులోనే రెండు రోజులు ఉంచుకుని పరీక్ష చేశానన్నాడు. "పూలరథంలా నడుస్తోందండీ, ఏ కంప్లయింటూ లేదు" అని ఇచ్చాడు. ఇంటికి తెస్తే అదే పాట. మూడోసారి వెళ్ళినప్పుడు ఆయన ముఖంలో నాకొకటి కనిపించింది. ల్యాప్‌టాప్ మీద కాదు, నా మీద అనుమానం. ఇంట్లో జబ్బు మనిషి ఉంది, ఈమెకు నిద్ర లేదు, ఏదో నొక్కేస్తోంది అని.

ల్యాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్‌కు చేస్తే మొదటి ప్రశ్నే ఏ ఓఎస్ వాడుతున్నారని. లైనక్స్ అనగానే వాళ్ళ బాధ్యత అక్కడితో తీరింది. ఎస్‌ఎస్‌డీ కంపెనీకి మెయిల్ రాస్తే అది ల్యాప్‌టాప్ సమస్య అని జవాబొచ్చింది. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అందులో మామూలు హార్డ్‌డిస్క్ ఉండేది, నత్తనడక నడుస్తుంటే ఖాళీగా ఉన్న ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నాను. ఆ వేయించింది అమ్మ బాగున్న రోజుల్లోనే. నెలల తరబడి ఒక్క పొరపాటు లేకుండా పనిచేసింది. అందుకే దాని మీదకు ఎవరి దృష్టీ గట్టిగా పోలేదు.

తమ్ముడు దూరం నుంచే చాలా ప్రయత్నం చేశాడు. లాగ్ పంపమనేవాడు. పంపేదాన్ని. అందులో యంత్రం నిద్రకు వెళ్తున్నట్టు చివరి వాక్యం ఉండేది, ఆ తర్వాత వాక్యం మళ్ళీ నేను బలవంతంగా ఆన్ చేసినప్పటిది. మధ్యలో ఏమీ లేదు. యంత్రం లేవనే లేదేమో అని వాడి అనుమానం. నేనేమో తెర వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టాను అంటాను. "తెర నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడు" అన్నాడు. నొక్కితే దాని దీపం వెలిగింది, ఇంకోసారి నొక్కితే ఆరింది. లోపల కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, బతికే ఉందన్నమాట.

అయినా నిద్ర లేచే దారిలో ఏ పరికరం దగ్గర ఆగుతోందో చూద్దామని వాడు ఇంకో ఉపాయం చేయించాడు. ఇది చెప్పుకోవాల్సినదే. లేచేటప్పుడు తెర ఉండదు, డిస్క్ ఉండదు, జరిగింది ఎక్కడ రాసుకోవాలి? 2006లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీనికొక మార్గం కనిపెట్టాడు. కరెంటు పోయినా తిరిగే చిన్న గడియారం మదర్‌బోర్డు మీద ఉంటుంది కదా, ఆ గడియారంలో టైము బదులు, చివరగా ఏ పరికరాన్ని లేపుతున్నారో దాని గుర్తును ఒక తేదీ రూపంలో రాసేస్తారు. యంత్రం బిగుసుకుపోగానే సుమారు మూడు నిమిషాల లోపు రీబూట్ చేయాలి, లేకపోతే గడియారం ముందుకు నడిచి గుర్తు చెరిగిపోతుంది. రీబూట్ అయ్యాక ఆ తేదీని చదివి ఫలానా పరికరం అని కెర్నల్ చెబుతుంది. ఎంత గడుసు ఆలోచన! నా విషయంలో అది ఏ పరికరాన్నీ పట్టివ్వలేదు. దాని పుణ్యమా అని కంప్యూటర్ తేదీ ఎక్కడికో వెళ్ళిపోయి, మెయిల్ తెరవబోతే భద్రత సర్టిఫికెట్ చెల్లదని గొడవ చేసింది, తేదీ సరిచేసుకునేసరికి ఒక పూట పోయింది. వాడు మాత్రం దాన్ని పనికొచ్చిన ఫలితంగానే తీసుకున్నాడు. లేవడం పూర్తవుతోంది, లేచాక ఏదో పడిపోతోంది అన్నాడు.

సంక్రాంతికి వాడు ఊరొచ్చాడు. భోగి మంట ఆరకముందే మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. అమ్మ వాణ్ణి గుర్తుపట్టి ఎడమ చెయ్యి ఎత్తింది. వాడి వాదన ఇది: "ఎవరు పోతున్నారో రాసుకునే పుస్తకం, పోతున్నవాడి దగ్గరే ఉంటే మనకేం తెలుస్తుందక్కా? పుస్తకం ఇంకొకరికివ్వాలి." బీరువా పైన పాత హార్డ్‌డిస్క్ పడి ఉంది. బజార్లో ఒక యూఎస్‌బీ కేసు కొనుక్కొచ్చి దాన్ని అందులో పెట్టాడు. నా సిస్టమ్‌ను, నా సెట్టింగులతో సహా, మక్కీకి మక్కీ దాని మీదకు కాపీ చేశాడు. ఇక ల్యాప్‌టాప్ ఆ పాత డిస్క్ నుంచి బూట్ అవుతుంది. లోపలి ఎస్‌ఎస్‌డీ ఊరికే తగిలించి ఉంటుంది. అది మాయమైనా సిస్టమ్ ఆగదు, లాగ్ ఆగదు.

కంప్యూటర్‌ను నిద్రపుచ్చి, అలారం పెట్టి లేపే కమాండ్ ఒకటుంది. దాన్ని ఒక స్క్రిప్టులో పెట్టాడు. నిద్రపో, కొన్ని నిమిషాలకు లే, ఎస్‌ఎస్‌డీ నుంచి ఒక ఫైలు చదువు, వచ్చిందో లేదో టైముతో సహా రాయి, మళ్ళీ నిద్రపో. ముందుగదిలో నా పాత బల్ల మీద, చార్జరు గుచ్చి, దాన్ని అలా వదిలేశాం. కనుమ దాటి వాడు వెళ్ళిపోయే వేళకు కూడా తప్పు ఒక్కటీ రాలేదు. వాడి ముఖం వేలాడిపోయింది. నేను పగలు ఫోన్లోనే పని చేసుకుంటూ, రాత్రిళ్ళు ల్యాప్‌టాప్‌ను ఆ ఆటకు వదిలేస్తూ ఉన్నాను.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు అమ్మను పక్కకు తిప్పుతుంటే కరెంటు పోయింది. అమ్మ గదిలో ఫ్యాను, లైటు ఇన్వర్టర్ మీదకు మారాయి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో పేలిందట, కరెంటు తెల్లవారాక వచ్చింది. మా ఇన్వర్టర్ లైను అమ్మ గదికి తప్ప ఇంకెక్కడికీ లేదు. పొద్దున్న ల్యాప్‌టాప్ దగ్గరకు వెళ్తే లాగ్‌లో రెండు దాటాక కొన్ని వరుసలు సవ్యంగా ఉన్నాయి, ఆ తర్వాత ఒకదాని దగ్గర నుంచి కింద దాకా అన్నీ తప్పులే. ఆ వరుసల ఫోటో తీసి తమ్ముడికి పంపాను. పంపాక నాకే తట్టింది. షాపాయన బల్ల మీద ఎప్పుడూ చార్జరు గుచ్చే ఉండేది. నా బల్ల మీద కూడా. అమ్మ మంచాన పడక ముందు నెలలన్నీ అంతే. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద తిరగడం మొదలైందే అమ్మ జబ్బుతో.

ఈసారి కెర్నల్ రాసుకున్న మాటలు చెరగకుండా దొరికాయి. ఎన్‌వీఎంఈ కంట్రోలర్ పడిపోయింది, రీసెట్ చేస్తున్నాను అని ఒక వాక్యం. దాని స్థితి చెప్పే అంకె స్థానంలో వరుసగా ఎనిమిది ఎఫ్‌లు. తమ్ముడు ఫోన్లో ఆ ఎఫ్‌లు వినగానే గట్టిగా నవ్వాడు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి మీద ఒక పరికరాన్ని ప్రశ్న అడిగితే, అవతల ఎవరూ పలక్కపోతే ప్రాసెసర్‌కు అన్నీ ఒకట్లే అందుతాయట. ముప్ఫై రెండు ఒకట్లను పొట్టిగా రాస్తే ఎనిమిది ఎఫ్‌లు. డిస్క్ తప్పుడు జవాబు చెప్పలేదు, అసలు అక్కడ లేదు. ఆ వాక్యం కిందే ఇంకొకటి ఉంది. మీ పరికరంలో కరెంటు పొదుపు పద్ధతి ఏదైనా లోపంతో ఉందా, ఉంటే ఈ మూడు ఆప్షన్లు పెట్టి చూడండి, బగ్ రిపోర్ట్ చేయండి అని. అంటే ఇన్నాళ్ళూ నా కంప్యూటర్ ప్రతిసారీ జబ్బు పేరు, మందు పేరు రెండూ చెబుతూనే ఉంది. రాసుకోవడానికి కాగితం లేక ఆ మాట దాంతోపాటే పోయేది.

మూడూ ఒకేసారి పెడితే తప్పు ఆగిపోయింది. నాకైతే అక్కడితో చాలు. వాడు ఊరుకోలేదు, ఏది పనిచేసిందో తెలియకపోతే రేపు ఇంకోటి మారినప్పుడు మళ్ళీ మొదటికొస్తాం అన్నాడు. ఒక్కోదాన్ని తీసేసి, చార్జరు పీకేసి, రాత్రి వదిలేయడం. ఒక రాత్రి బాగుందని నమ్మడానికి లేదు, ఇంకో రాత్రి చూడాలి. ఎస్‌ఎస్‌డీ తనంతట తాను కునుకు తీసే అలవాటు మాన్పించేది మొదటి ఆప్షన్. అది ఒక్కటే ఉంచితే తప్పు వచ్చింది. రెండోది ఎస్‌ఎస్‌డీకీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే లింకును నిద్రపోనివ్వనిది. అది ఒక్కటే ఉంచితే రాలేదు. మూడోది అక్కర్లేకపోయింది.

అప్పుడు అంతా ఒక వరుసలోకి వచ్చింది. బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి నా సిస్టమ్‌లో ఒక పొదుపు ప్రోగ్రాం ఉంది. చార్జరు ఉన్నంతసేపు అది ఆ లింకు జోలికి పోదు. చార్జరు తీసిన మరుక్షణం లింకును వీలైనంత లోతైన పొదుపులోకి పంపమంటుంది. అదే సమయంలో మూత పడితే, ఈ కొత్తరకం నిద్రలో ఎస్‌ఎస్‌డీకి కరెంటు పూర్తిగా తీసేయరు, నువ్వే లోపల తక్కువ స్థితికి వెళ్ళు అని చెప్పి వదిలేస్తారు. అదీ నిద్రలో, దారీ నిద్రలో. చాలాసార్లు రెండూ లేస్తాయి. ఎప్పుడో ఒకసారి లింకు లేవదు. ఆ ఎప్పుడో ఒకసారి ఎప్పుడన్నది ఈ రోజుకూ మాకు అంతుపట్టలేదు. పొదుపు ప్రోగ్రాం ఫైల్లో ఒక్క వరుస మార్చి, బ్యాటరీ మీద ఉన్నా ఆ లింకును వదిలేయమని రాశాం. బూట్ ఆప్షన్లు మూడూ తీసేశాం.

ఇందులో తప్పెవరిదని అడిగితే నేను చెప్పలేను. ఎస్‌ఎస్‌డీది అనొచ్చు, మదర్‌బోర్డుది అనొచ్చు, అంత పొదుపు ఎందుకు అడిగావని ఆ ప్రోగ్రాంనూ అనొచ్చు. విడివిడిగా ఎవరికి వారు నిర్దోషులే. నాకు కోపం వచ్చేది మాత్రం "ఇక్కడ బాగానే పనిచేస్తోంది" అనే మాట మీద. రిపేరు బల్ల మీద బాగానే పనిచేస్తుంది. నేను వాడేది రిపేరు బల్ల మీద కాదు. ఎలా వాడుతున్నారమ్మా అని ఒక్కరైనా అడిగి ఉంటే, బ్యాటరీ మీద, మంచం పక్కన, రోజుకు ఇన్నిసార్లు మూత వేస్తూ అని చెప్పి ఉండేదాన్ని. అమ్మ విషయంలో డాక్టరుగారు మొదట అడిగింది అలాంటి ప్రశ్నలే, చెయ్యి ఎప్పుడు పట్టు తప్పింది, లేచాకనా, నిద్రలోనా అని.

ఈ మార్పుతో బ్యాటరీ మునుపటి కన్నా తొందరగా తగ్గుతోంది. మూత వేసి పెట్టినా అడుగున కొంచెం వెచ్చగా ఉంటోంది. ఇన్వర్టర్ లైను వంటింటి దాకా లాగించుకున్నాను. రిపేరు షాపాయనకు ఫోన్ చేసి సంగతి చెబితే, "ఆ ముక్క ఏదో కాగితం మీద రాసివ్వండి మేడమ్, ఇలాంటిదే ఇంకోటి వచ్చి ఉంది నా దగ్గర" అన్నాడు. రాసిచ్చాను. కొత్త ర్యామ్ డబ్బులు నేను వెనక్కి అడగలేదు, ఆయనా ఆ మాట ఎత్తలేదు. మెషిన్‌కు కొత్త ర్యామ్ ఉండటం నష్టమేమీ కాదు.

ఎస్‌ఎస్‌డీకి కొత్త ఫర్మ్‌వేర్ ఒకటి వచ్చిందని, అది వేసి ఆ వరుస తీసేసి మళ్ళీ పరీక్షిద్దామని తమ్ముడు అంటున్నాడు. చేతిలో ఉన్న మాన్యువల్ పంపాక చూద్దామన్నాను. టచ్‌ప్యాడ్ ఇప్పటికీ అప్పుడప్పుడు లేవదు. మౌస్ ఉంది.